జోడీ కుదిరితేనే గది

ఇంకా పందొమ్మిది రోజులు

ఈ నోటుబుక్కు సహాయ కేంద్రం డాక్టరమ్మ ఇచ్చింది. రోజూ ఏది గుర్తొస్తే అది రాయాలట. గుర్తుంటే ఇక్కడెందుకుంటానమ్మా అంటే నవ్వి, ఇంకో పెన్ను కూడా ఇచ్చింది.

సరే, గుర్తున్నది ముందే రాసేస్తే ఓ పనైపోతుంది. నా పేరు నూకరత్నం. ముప్పై ఒకటో ఏట పటాలంలో చేరాను. ఆ పొద్దున్న బస్టాండులో పెసరట్టు తిన్నాను. పచ్చడిలో అల్లం మరీ ఎక్కువేశాడు. దాని తర్వాత గుర్తున్నది, తెల్ల గోడల గదిలో మంచం మీద లేచి కూర్చోవడం. పెసరట్టుకీ ఆ మంచానికీ మధ్య ఏడేళ్ళు. నర్సు ఒక బట్టల సంచీ చేతిలో పెట్టి, "యుద్ధం అయిపోయిందండీ, మీరింక వెళ్ళొచ్చు" అంది. ఏ యుద్ధం అని అడిగాను. పాపం, ఆవిడ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మమ్మల్ని కడిగి పంపిస్తారు. కాగితాల మీద దానికేదో పెద్ద పేరుంది గానీ మేమంతా కడుగుడు అనే అంటాం. పటాలంలో చూసినవీ చేసినవీ బయటికి పొక్కకుండా, దిగిపోయే రోజున తలలోంచి తీసేస్తారు. చేరేటప్పుడే ఒప్పుకుని సంతకం పెట్టానట. చూపించారు. సంతకం నాదే, ఆ వంకర కూడా నాదే.

తిరిగొచ్చేసరికి మా ఊరు లేదు. సముద్రం మూడో గట్టు దాటిందని నాలుగో గట్టు కట్టి, మా ఊరిని అవతలే వదిలేశారు. మా అక్క, బావ ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళని వెతుక్కుంటూ పదేళ్ళు ఊరూరూ తిరిగి, ఈ ఏడే ఇక్కడికి చేరాను. వాళ్ళు నాకు ఉత్తరాలు రాసే ఉంటారు. నేను చదివే ఉంటాను. ఇది తల్చుకుంటే మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

అందుకని గట్టు పొట్టలో ఉంటున్నాను. నాలుగో గట్టు లోపల పంపులు నడిచే పొడవాటి సొరంగముంది. మాలాంటి కడిగినవాళ్ళం రెండొందల మంది అందులోనే చాపలు పరుచుకుంటాం. పొడిగా, వెచ్చగా ఉంటుంది. ఆషాఢ అమావాస్యకి గేట్లెత్తి సొరంగంలోకి వాన నీళ్ళు వదిలేస్తారు. ఆలోగా గది దొరకాలి, లేకపోతే నాలుగు నెలలు గట్టు మీద వానలో ఉండాలి. కిందటేడు అలా ఉన్నవాళ్ళలో పదకొండు మంది పోయారు.

ఇంకా పదిహేడు రోజులు

సహాయం లేదని అబద్ధం చెప్పను. కేంద్రం గుమ్మంలో ఒక యంత్రం ఉంది. ఎవరడుగు పెట్టినా "దేశం మిమ్మల్ని మరువదు" అంటుంది. బాగుందమ్మా, నేను మరిచిపోయాను కదా, కాస్త నాకూ చెప్పు అంటే మళ్ళీ అదే మాట అంటుంది. లోపల మధ్యాహ్నం అన్నం, సాంబారు పెడతారు. మందులిస్తారు, దుప్పట్లిస్తారు. ఏడుపొస్తే వినడానికి డాక్టరమ్మ ఉంది. ఇవన్నీ ఎవరికైనా ఇస్తారు.

గది మాత్రం నిజంగా పటాలంలో చేసినట్టు రుజువైతేనే. రుజువులు సైన్యం దగ్గరున్నాయి, అవి రహస్యం. పోనీ తోటివాళ్ళని సాక్ష్యం అడుగుదామంటే అందరం కడిగినవాళ్ళమే, ఒకరి మొహం ఒకరికి తెలీదు. చివరికి ఎవరో ఉపాయం కనిపెట్టారు. తలని కడిగారు గానీ చేతుల్ని కడగలేదు కదా అని.

పటాలంలో ఏ పనైనా ఇద్దరిద్దరే చేస్తారట. చేరిన దగ్గర్నించి దిగిపోయేదాకా ఒకే జోడీ. అందుకని ఇక్కడ ఇద్దర్ని పనిగదిలోకి పంపి అయిదు పనులు చెబుతారు. తాడు చుట్టడం, నీళ్ళ గొట్టం పట్టడం, గుడారం వేయడం, అన్నం డేగిసా దించడం, డోలీ మోయడం. మాట్లాడకూడదు. చేతులు చేతుల్ని గుర్తుపడితే ఇద్దరికీ కలిపి ఒక గది. పైగా ఎక్కడ ఏ పని చేశారో రాసున్న కాగితం కూడా ఇద్దరికీ తెరిచి చూపిస్తారు. చేతులే ఒప్పుకున్నాక దాచడమెందుకని కోర్టు చెప్పిందట. పరీక్షకి ఏడాదికి ఒక్కసారే వెళ్ళనిస్తారు. రిజిస్టర్లో జోడీ పడితే చచ్చేదాకా అదే జోడీ, మార్చరు.

పరీక్ష పెట్టేది పోలినాయుడు. ఆయనా కడిగినవాడే. పదేళ్ళ కిందట ఇక్కడికొచ్చి, జోడీ దొరక్క, ఇక్కడే ఉద్యోగంలో కుదిరి, కేంద్రం వెనకాల గదిలో ఉంటున్నాడు. మనిషి నిలువెత్తు రూలు. ఈరోజు నా కళ్ళముందే ఒక జోడీని వెనక్కి పంపించేశాడు. ఇద్దరూ ముచ్చటగా చేశారు, ఒక్క తప్పు లేదు.

"అందుకేనమ్మా పంపించాను" అన్నాడు. "నిజం జోడీ విసుక్కుంటాది, తోసుకుంటాది. ఈల్లు పెళ్ళిచూపులకొచ్చినట్టు చేశారు. ప్రాక్టీసు చేసొచ్చారు."

"చేస్తే ఏటి? వానలో చావమంటారా?" అని అరిచాను.

"రూలు రూలేనమ్మా" అని రిజిస్టర్ మూసేశాడు. ఆ మొహం చూస్తే నాకు గిట్టదు.

ఇంకా పదిహేను రోజులు

గవరయ్య గురించి రాయాలి. నా పక్క చాప ఆయనదే. యాభై దాటాయి. పటాలానికి ముందు పెంకులు కాల్చేవాడట, అది గుర్తుంది. కిందటి వానలన్నీ గట్టు మీదే గడిపాడు. అప్పుడు పట్టుకున్న దగ్గు వదల్లేదు. ఈసారి వానలో ఉంటే బతకడని డాక్టరమ్మ నాతో చెప్పింది. ఆయనతోనే చెప్పకూడదా, నాకెందుకు చెప్పడం? ఇప్పుడు ఆయన దగ్గినప్పుడల్లా నేను లేచి కూర్చుంటున్నాను.

అన్నం వరసలో ఆయన ప్లేటు జారితే గాలిలోనే పట్టుకున్నాను. గవరయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"సెల్లీ, నువ్వు నా జోడీవేటే?"

"ఏమో అన్నా. నాకేటి తెల్సు?"

"నాకూ తెల్దు. అయితే అయ్యుంటాం."

అంతే, అక్కడితో నిశ్చయమైపోయింది. తొమ్మిదో పంపు వెనక ప్రాక్టీసు మొదలెట్టాం. పంపు గడకి దుప్పటి కట్టి, దాంట్లో ఇసక బస్తా వేసి డోలీ చేశాం. పటాలంలో డోలీలెందుకో మాకు తెలీదు. మందుగుండు మోసేవాళ్ళేమో అని గవరయ్య అంటాడు. నేను ఎప్పుడూ వెనక వైపే నిలబడుతున్నాను. ముందుకి రమ్మంటే కాళ్ళు రావు. ఎడమ కాలే ముందు వేస్తాను. గవరయ్య కుడికాలు వేస్తాడు. బస్తా ఉయ్యాలలా ఊగి ఇద్దరం పడ్డాం.

"ఓలమ్మ! ఏడేళ్ళూ ఇలగే పడుంటే యుద్ధం ఎలగ గెలిసినార్రా బాబూ!" అని పడి పడి నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

గెలిచామో లేదో కూడా మాకు తెలీదు.

ఇంకా ఎనిమిది రోజులు

ఇప్పుడు పడటం లేదు. గవరయ్య కాలు మార్చుకున్నాడు. తాడు, గొట్టం, గుడారం అన్నీ కుదురుతున్నాయి. పోలినాయుడు మాట గుర్తుంచుకుని మధ్యలో విసుక్కోవడం కూడా ప్రాక్టీసు చేస్తున్నాం. నేను "అటు కాదు" అన్నట్టు మోచేత్తో పొడుస్తాను, ఆయన చిర్రుగా చూస్తాడు. తర్వాత ఇద్దరం నవ్వుకుంటాం.

కానీ నాకొక గందరగోళం పట్టుకుంది. పొద్దున్న గవరయ్య తుమ్మబోతుంటే, నేను చూడనైనా చూడకుండా నా చెయ్యి తువ్వాలు అందించేసింది. అది పటాలంలో ఏడేళ్ళ అలవాటా, ఇక్కడి ఏడు రోజుల అలవాటా? నిజంగా మేం జోడీయేనేమో. అయితే ఇన్నాళ్ళూ నిజాన్నే అబద్ధంగా ప్రాక్టీసు చేస్తున్నామా? కాకపోతే, నా అసలు జోడీ ఎవరో ఇదే సొరంగంలో ఇంకో చాప మీదుంటే? ఇంత ప్రాక్టీసు చేశాక నా చేతులు వాళ్ళని గుర్తుపడతాయా? ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే చెరిపేసుకుంటున్నానేమోనని భయమేసి సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్ళలేదు.

గవరయ్య ఏమీ అడగలేదు. ఒక్కడే గడ భుజాన పెట్టుకుని, ఎడమకాలు, కుడికాలు అనుకుంటూ నడుస్తున్నాడు. సిగ్గేసింది. లేచి వెళ్ళి వెనక నిలబడ్డాను.

ఇంకా రెండు రోజులు

పరీక్ష అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, వరస తప్పితే మళ్ళీ నాకే అర్థం కాదు.

పనిగదిలో పోలినాయుడు బల్ల దగ్గర కూర్చున్నాడు. మేమిద్దరం, ఆయన, అంతే. తాడు బాగా చుట్టాం. గొట్టం పట్టేటప్పుడు మోచేత్తో పొడిచాను, గవరయ్య చిర్రుగా చూశాడు. గుడారం లేచింది. డేగిసా దించాం. పోలినాయుడు ఒక్కోదానికీ తలూపి రాసుకున్నాడు. నాకు లోపల సంతోషంగా ఉంది.

చివరికి డోలీ. ఇది మా దుప్పటీ గడా కాదు, అసలుదే. పాత గుడ్డ, నున్నగా అరిగిన వెదురు. అందులో మనిషంత పొడుగు ఇసక బస్తా. ముందు గవరయ్య, వెనక నేను. నాలుగడుగులు వేశామో లేదో ఆయనకి దగ్గు తెర వచ్చింది. ఆపుకోబోయాడు. ఆగలేదు. భుజం వంగిపోయి, గడ జారింది.

పోలినాయుడు బల్ల దూకినట్టే వచ్చి గడ అందుకున్నాడు. నేల మీద పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "హుఁ" అన్నాడు. ఆ చప్పుడుకి నా ఎడమకాలు కదిలింది.

తర్వాత నేనేం చేయలేదు, నా ఒళ్ళు చేసింది. ఇద్దరం నడిచాం. ఆయన వెనక్కి చూడలేదు. మలుపు దగ్గర ఆయన తగ్గాడు, నేను గడ ఎత్తిపట్టాను, బస్తా కాస్త కూడా ఊగలేదు. గోడ దగ్గరికొచ్చాక ఆయన మోకాళ్ళ మీదికి దిగాడు. ముందు అటువైపు కొస నేలకి ఆనింది. ఇటువైపు దించేటప్పుడు నా అరచెయ్యి బస్తా కిందికి వెళ్ళింది, తల నేలకి తగలకుండా. బస్తాకి తలేమిటి? ఆయన గిరుక్కున తిరిగి, కళ్ళు మూసినట్టు రెండు వేళ్ళతో బస్తా పై భాగాన్ని మెల్లగా కిందికి నిమిరాడు. నేను డోలీ గుడ్డ అంచు లాగి దాని మీద కప్పాను. నా నోరు, నా ప్రమేయం లేకుండా, "ఇంక పడుకో బాబూ, ఇంటికొచ్చేసినాం" అంది.

పోలినాయుడు వేళ్ళు ఇంకా బస్తా మీదే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, మేం మోసింది మందుగుండు కాదని. ఎంతమందిని మోశామో తెలీదు. ఒక్క మొహం గుర్తులేదు. ఎవరి కోసమో తెలీకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. నాకెదురుగా ఆ నిలువెత్తు రూలు కూడా ఏడ్చింది.

"పదేళ్ళు" అన్నాడు చివరికి. "పదేళ్ళ నుంచి ఒచ్చిన ప్రతోల్ల చేతులూ సూస్తన్నాను తల్లీ. నువ్వెక్కడున్నావు ఇన్నాళ్ళూ?"

"మా అక్కని వెతుక్కుంటూ ఊరూరూ తిరిగాను బాబూ" అన్నాను. ఆయన నాకెవరు? తమ్ముడిలాగా, పెనిమిటిలాగా, శత్రువులాగా, ఎలా చూడాలో తెలీని మనిషి. ఏడేళ్ళు ఒకే గడకి చెరో కొసా పట్టుకున్నాం, నిన్నటిదాకా ఆయన మొహం చూస్తే గిట్టేది కాదు.

ఆయన రిజిస్టర్ తెచ్చుకున్నాడు. "మన పేర్లు రాసేస్తాను. కాగితం తెరుస్తారు. మనం ఎక్కడున్నామో, ఎవల్ని మోసినామో, అంతా తెలుస్తాది. గది నీకే ఇచ్చెత్తాను, నాకు ఎనకాల ఉంది కదా."

"మరి గవరయ్య?"

ఈ ఏటికి గవరయ్య పరీక్ష అయిపోయింది.

గవరయ్య గోడకి చేరబడి కూర్చున్నాడు. "రాయించేసుకో సెల్లీ" అన్నాడు. "నీ మడిసి దొరికినాడు. నాకేటి, ఒకపాలి తడిసినోడినే కదా." ఆ మాటకి మళ్ళీ దగ్గు.

గొప్ప మనసు నాకు లేదు, ఇక్కడ అబద్ధమెందుకు. ఆ కాగితం కావాలి నాకు. నా ఏడేళ్ళు అందులో ఉన్నాయి. అక్క రాసిన ఉత్తరాలు ఏ అడ్రసుకొచ్చాయో కూడా అందులోనే ఉంటుంది. రాయండి అని నోటిదాకా వచ్చింది. ఇంతలో గోడ దగ్గర పడుకోబెట్టిన బస్తా కంటబడింది. ఎంత పదిలంగా దించామో.

"బాబూ, మనం ఎప్పుడైనా మోసే మనిషిని దారిలో దించేసినామంటారా?" అని అడిగాను.

"ఏమో. నాకేటి గుర్తు?"

"నాకూ గుర్తు నేదు. కానీ చేతులు సూసినారు కదా. దారిలో వదిలేసే చేతులు అలగ దించుతాయా?" నా గొంతు నాకే కోపంగా వినిపించింది. "ఈయన్ని వానలో వదిలేసి లోపలికి పోతే, ఆ కాగితం చదివేటప్పుడు నా మొహం నేనెక్కడ పెట్టుకోవాలి? మా ఇద్దరి పేర్లూ రాయండి."

"అబద్ధం రాయమంటావా? నేనింతవరకు ఒక్కటి రాయలేదమ్మా."

"రాయండి."

"జోడీ పడితే మార్చరు. మళ్ళీ మన కాగితం ఎప్పటికీ తెరవరు. నాక్కూడా."

అది నాకు తట్టనే లేదు. నా ఏడేళ్ళతోపాటు ఆయనవీ పారబోస్తున్నాను. ఆయన పదేళ్ళు ఎదురుచూశాడు. అడిగే హక్కు నాకుందా? లేదు. అయినా నోరు తెరిచి, "రాయండి బాబూ" అన్నాను, ఈసారి బతిమాలుతూ.

పోలినాయుడు గవరయ్యని చూశాడు. బస్తాని చూశాడు. తల వంచుకుని రాశాడు. రాయడం అయ్యాక, కళ్ళు పుస్తకం మీంచి ఎత్తకుండానే ఎడమచెయ్యి పక్కకి చాపాడు. ఏం కావాలో అనలేదు. ఆయన చెయ్యి పూర్తిగా చాపేసరికే నేను ముద్ర తీసి అందులో పెట్టేశాను.

ఇద్దరం ఆ ముద్ర వైపు చూశాం. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని, మా పేర్ల పక్కన గట్టిగా నొక్కాడు.

గేట్లెత్తారు

మధ్యాహ్నం మూడింటికి గేట్లెత్తారు. ఇక్కడికి కూడా హోరు వినబడుతోంది. మా గది రెండో అంతస్తులో, రెండు మంచాలు, ఒక కిటికీ, గ్యాస్ పొయ్యి. గోడలకి సున్నం వాసన ఇంకా పోలేదు.

మా ఇద్దరి కాగితం నిన్ననే తెరిచారు. నూకరత్నం, గవరయ్య అనే జోడీ పటాలంలో ఎక్కడా లేదని వచ్చింది. పోలినాయుడు దాని మీద "రికార్డు తడిసి చెడిపోయినది" అని రాసి ఫైల్లో పెట్టేశాడు. రెండో అబద్ధం కాస్త తేలిగ్గా వచ్చినట్టుంది. గది అప్పగించి వెళ్తూ గుమ్మంలో నాకేసి చూసి, ఏదో అనబోయి, "తలుపు గొళ్ళెం బిగువు, నూనె రాయండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాలే రెండడుగులు ఎడమకాలితో వేసి ఆగిపోయాను. ఈ మనిషిని రోజూ చూస్తూ ఎలా బతకాలో నాకింకా తెలీదు.

గవరయ్య లోపలికి రావడం లేదు. మంచం ఎక్కమంటే ఎక్కడు. సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు, పొద్దున్నుంచీ.

"ఎవరైనా ఒచ్చి లెగమంటారేమో సెల్లీ" అన్నాడు. "ఇది మనది కాదేమో."

పక్కన కూర్చుని వీపు నిమిరాను. ధైర్యం చెప్పాలి కదా. నోరు దానంతటదే తెరుచుకుంది. ఇంక పడుకో బాబూ, ఇంటికొచ్చేసినాం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెంటనే నోరు మూసుకున్నాను. ఏడేళ్ళూ ఆ మాట నేను ఎవరితో అన్నానో ఇప్పుడు తెలుసు. అది విన్నవాళ్ళెవరూ తిరిగి లేవలేదు. బతికున్న మనిషికి చెప్పడానికి నా దగ్గర వేరే మాట ఏముందా అని వెతుక్కున్నాను. ఎంతకీ దొరకలేదు. కిటికీ అవతల నీళ్ళ హోరు పెరుగుతోంది, గవరయ్య నాకేసే చూస్తున్నాడు.

"లెగన్నా" అన్నాను. "లెగు. టీ పెడతాను, పంచదార ఎక్కడ పెట్టినారో సూడు."

మోకాళ్ళు పట్టుకుని, దగ్గుకుంటూ, లేచాడు.